పాట పుస్తకం

నక్కలగుట్టల మూడో అంతస్తు.
నెలకొక ఆదివారం, పొద్దున పదింటికి పాట.
ముప్పై ప్లాస్టిక్ కుర్చీలు, కూత పెట్టే ఫ్యాను,
బల్ల మీద సేటు చేతి గడియారం.
నేను గొంతు సవరించుకునేటోన్ని:
"ఐదు లచ్చల చిట్టీ, పదకొండో నెల.
ఎవరన్నా పాడుతరా?"

మా దిక్కు చిట్టీని పాడుతరు.
బిడ్డ కాలేజీ ఫీజుకు ఒకడు, బోరు ఎండి ఇంకొకడు.
పాట ఎంత పైకి పోతే
చేతికొచ్చేది అంత తగ్గుతది.
అయినా పాడుతరు.

నీలం సిరాతో రాసేటోన్ని పాట పుస్తకంల.
కొట్టివేత ఉంటే పక్కన చిన్న సంతకం.
నిజం చెప్పాలె, కొన్ని నెలలు
ఖాళీ కుర్చీలు కూడా పాడినయ్.
సేటు పేరు చెప్పేటోడు, నేను రాసేటోన్ని.
ఆ పేరుగల్ల మనిషిని ఎన్నడు చూడలే.

ఎదురుంగ ఉన్న కంపెనీ షట్టరు
ఒక సోమవారం లేవలే.
ఏనుమాముల యార్డుల మిర్చి బస్తాలు మోసే ఓదెలు
తాళాన్ని చేత పట్టుకొని ఊపుకుంట నిలబడ్డడు,
వానలనే, పగటాల్ల దాకా,
లోపలినుంచి ఎవరన్నా పలుకుతరేమో అన్నట్టు.

ఆ తర్వాత కాయితాలు మొదలైనయ్.
రిజిస్ట్రారు ఆఫీసు నుంచి ఒక సర్క్యులరు,
దానికి సవరణ, సవరణకు వివరణ.
చట్టం ఏమో పాతదే.
మా అల్మారల ఉండేది, దాని మీదనే
నా టిఫిన్ డబ్బా పెట్టేటోన్ని.

ఇప్పుడు అది తెర మీదికొచ్చి కూసున్నది.
మడికొండల నస్రీన్ అని ఒక పిల్ల, ఇరవై ఆరేండ్లు,
ఒక్కొక్క సెక్షన్‌ను ముక్కలు చేసి
"ఇట్లయితే అట్ల, లేకుంటే ఆపు" అని రాస్తది.
ఒకనాడు నన్ను అడిగింది:
"అంకుల్, దొంగపాట ఎట్ల పాడేటోల్లు?"
చాయ్ చల్లారింది.
చెప్పిన. నెల నెలా, పేరు పేరునా చెప్పిన.
ఆమె టకటక కొట్టుకుంట పోయింది.
నా తప్పులన్ని ఆమెకు పనికొచ్చినయ్.
ఇప్పుడు నా జీతం వాటికే.

కొత్త నిబంధన దిగిన రాత్రి
ఆ ఆఫీసుల లైట్లు ఆరవు.
బిర్యానీ ప్యాకెట్లొస్తయ్, కొత్త కుర్చీలొస్తయ్,
కుర్చీలకు కొత్త పిల్లలొస్తరు.
వాళ్ల మేనేజరు సదాశివుడు నవ్వుతడు:
"వాన పడితే గొడుగులోనికి పండుగ, పెద్దమనిషీ."
నిజమే.
గొడుగు మంచిదే అమ్ముతున్నరు, అబద్ధమెందుకు?
ఖాళీ కుర్చీలు ఇప్పుడు పాడలేవు.

మొన్న ఓదెలు వచ్చిండు.
మళ్ల చిట్టీ వేస్తనన్నడు, చిన్నది.
యంత్రం మీద బొటనవేలు పెట్టిండు.
ముప్పై ఏండ్లు మిర్చి ఘాటు తాగిన వేలు,
గోనె సంచులు గీకి గీకి నున్నగైన వేలు.
"సరిపోలలేదు" అన్నది తెర.
తుడుచుకొని పెట్టిండు. సరిపోలలేదు.
మూడోసారి తెర దిక్కు వంగి
"నేనే సారూ" అన్నడు మెల్లగ.

ఒకప్పుడు లేని మనిషి పేరు రాసిన.
ఇప్పుడు ఉన్నోణ్ణి పట్టుకొని లేడంటున్న.

నస్రీన్‌కు ఫోన్ చేసిన.
"సర్క్యులర్ల వేరే దారి ఉన్నది అంకుల్,
మేమే ఇంకా రాయలే.
వచ్చే అప్‌డేట్‌ల పెడ్త."
ఆమె గొంతుల నిద్ర లేదు.

ఓదెలు కుర్చీల కూసున్నడు,
రెండు చేతులు మోకాళ్ల నడుమ పెట్టుకొని.
"పాట ఎప్పుడు?" అన్నడు.
ఇప్పుడు పాట ఫోన్లనే, ఎవరి గొంతు ఎవరికి వినపడదని
చెప్పబోయి ఆగిన.

సొరుగు కింద పాట పుస్తకం ఉన్నది.
సీసాల సిరా గడ్డకట్టింది, రెండు చుక్కల నీళ్లు పోసి కదిపిన.
ఏ యంత్రం ఒప్పుకోదు, తెలుసు.
అయినా రాసిన:
ఓదెలు, ఏనుమాముల.
పక్కన చిన్న సంతకం.
ఈసారి మనిషిని చూసి.